కోసిన మార్కులు

పరీక్షలు రద్దయిన వార్త ఆ ఇంటికి సాయంత్రం నాలుగూ పదికి వచ్చింది.

పరీక్షలకి అప్పటికింకా పదకొండు రోజులున్నాయి. కూతురు హాల్లో బల్ల దగ్గర కూర్చుని లెక్క చేస్తోంది. శంకువులో ఇమిడే గోళం. సగం దాకా వచ్చింది. ఎదురు కుర్చీలో తండ్రి చేతి గడియారం విప్పి అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కో లెక్కకి ఏడు నిమిషాలు. ఎనిమిదో నిమిషంలో జవాబు వచ్చినా రానట్టే.

ఆయన ఫోన్ బల్లమీద ఒకసారి కంపించింది. మళ్ళీ కంపించింది. తర్వాత ఆగకుండా కంపిస్తూ బల్ల అంచు దాకా జరిగింది. పడిపోతుందేమోనని పట్టుకున్నాడు, చూశాడు. మహమ్మారి కారణంగా చివరి ఏడాది పరీక్షలు జరగవు. వాయిదా కాదు, రద్దు.

"లెక్క పూర్తి చెయ్యి" అన్నాడు.

కూతురు తలెత్తి ఆయన మొహం చూసింది. "ఏమైంది సార్?" అని అడిగింది. బడిలో నాన్నా అని పిలవకూడదని రెండేళ్ళ కిందట ఆయనే నియమం పెట్టాడు. ఇంట్లో కూడా అప్పుడప్పుడు నోరు జారుతుంది.

ఆయన చెప్పాడు. ఆ పిల్ల కాసేపు గోళాన్ని చూసింది. పెన్నుకి మూత పెట్టింది. ఇంకెందుకని గొణిగి, లోపలి గదిలోకి వెళ్ళి పడుకుంది. వెలుతురుండగా ఆ పిల్ల మంచమెక్కడం రెండేళ్ళలో అదే మొదలు.

తండ్రి లెక్కల మాస్టారు. ఒకే బడిలో పంతొమ్మిదేళ్ళ సర్వీసు. పిల్లలు వెనకాల 'కోత మాస్టారు' అంటారు, ఆ సంగతి ఆయనకీ తెలుసు. కొలత పక్కన సెంటీమీటర్లో మీటర్లో రాయకపోతే ఒక మార్కు కోత. మార్జిన్ వదలకపోతే అర. కొట్టివేత కనబడితే ఇంకో అర. అదే బడిలో ఫిజిక్స్ మాస్టారిది ఎముక లేని చెయ్యి. పేపరు మీద ఇంకు కనబడితే చాలు, మార్కులు పడేవి. ఆయన్ని చూసి కోత మాస్టారు పెదవి విరిచేవాడు. పొగిడిన పిల్ల పడుకుంటుంది, భయపడ్డ పిల్ల చదువుతుంది అనేది ఆయన సిద్ధాంతం.

కూతురికి పదిహేడేళ్ళు. ఇంట్లో 'అమ్మడు' అంటారు. నౌకా శిక్షణాలయంలో చేరాలని పద్నాలుగో ఏట బుర్రలో పడింది, మళ్ళీ బయటికి రాలేదు. నాలుగేళ్ళ చదువు, హాస్టలు, ఆ తర్వాత ఓడ మీద ఉద్యోగం. వాళ్ళు చూసేది లెక్కల మార్కు ఒక్కటే. ఎనభై అయిదు రావాలి. అదీ మొదటిసారికే రావాలి. రెండోసారి రాసి తెచ్చుకున్నది చెల్లదు. ఎందుకే నీకీ ఓడల పిచ్చి అని ఎవరైనా అడిగితే తల్లి మధ్యలో అందుకునేది, సముద్రమ్మీద నల్లబల్ల ఉండదుగా అని.

ఆ ఇంట్లో హాలు గోడకి నిజంగానే నల్లబల్ల ఉంది.

పక్కన టైంటేబులు కూడా ఉంది. పొద్దున అయిదున్నరకి లేవడం నుంచి రాత్రి పళ్ళు తోముకోవడం దాకా, గళ్ళు గీసి. రద్దయిన మర్నాడు తండ్రి మామూలుగానే అయిదున్నరకి తలుపు తట్టాడు. జవాబు రాలేదు. ఆరింటికి తట్టాడు. ఏడింటికి తట్టాడు. పదింటికి పిల్ల తనంతట తానే లేచి, వంటగది కిటికీ నుంచి వీధి తలుపు దాకా నడవడం మొదలుపెట్టింది. పంతొమ్మిది అడుగులు. మళ్ళీ వెనక్కి పంతొమ్మిది. రెండువేలు పూర్తయ్యాక ఆగి, కాలెండరు తీసింది. బడి ఆటల పోటీలు కొట్టేసింది. వీడ్కోలు సభ కొట్టేసింది. శిక్షణాలయం చూడ్డానికి వెళ్ళాల్సిన రోజు కూడా కొట్టేసింది. అడ్డంగా గీసిన గీతలతో ఆ నెల జల్లెడలా తయారైంది.

మూడో రోజు వంటింటి కత్తెరతో జుట్టు తనే కత్తిరించుకుంది. ఒక పక్క పొట్టి, ఒక పక్క పొడుగు. నాలుగో రోజు ఎదురు భవనంలో ఒకాయన కదలని కారుని రోజూ ఎన్నిసార్లు కడుగుతాడో లెక్క పెట్టింది. అయిదో రోజు లెక్క పెట్టడం కూడా మానేసింది. మంచం మీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తుంటే, నీ వయసులో ఖాళీ సమయం బంగారమని తండ్రి గుమ్మంలో నిలబడి ఉపన్యాసమిచ్చాడు. బంగారమైతే బీరువాలో పెట్టి తాళం వేసుకోండి అంది పిల్ల, పైకప్పు మీంచి చూపు తిప్పకుండా.

ఆయన పరిస్థితీ అంతే. పుట్టి బుద్ధెరిగాక ఖాళీగా కూర్చున్న మనిషి కాదు. దిద్దడానికి పేపర్లు లేవు. గద్దించడానికి పిల్లలు లేరు. వంటింటి డబ్బాలన్నీ దించి, ఘనపరిమాణం ప్రకారం చిన్న నుంచి పెద్దకి సర్దాడు. ఉప్పెక్కడుందో కనుక్కోవాలంటే ఇప్పుడు నేను సూత్రం నేర్చుకోవాలా అని ఆ సాయంత్రం భార్య దెప్పింది.

ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది. ఆ ఇంట్లో ఖాళీ లేని మనిషి ఆవిడొక్కతే. పొద్దున ఎనిమిదింటికి వెళ్ళి సాయంత్రం ఆరింటికొచ్చేది. కౌంటరు ముందు ప్లాస్టిక్ పట్టా కట్టారు, దాని వెనక రోజంతా నిలబడాలి. ఇంటికొస్తూనే గుమ్మం దగ్గరే తెల్లకోటు విప్పి సబ్బు నీళ్ళ బకెట్లో వేసి, ఎవర్నీ తాకకుండా గోడవారగా స్నానాల గదికి వెళ్ళేది. లోకమంతా సెలవు, నాకే ఓవర్‌టైము అని గొణుక్కునేది.

తొమ్మిదో రోజు రెండో ప్రకటన వచ్చింది.

తండ్రి అప్పుడు వంటింట్లో కారుతున్న కుళాయికి దారం చుడుతున్నాడు. తడి చేత్తోనే ఫోన్ తీసి చదివాడు. పరీక్షలు లేవు కాబట్టి, ఏడాది పొడుగునా బడిలో జరిగిన మూడు పరీక్షల సగటునే తుది మార్కుగా తీసుకుంటారు. రిజిస్టరులో ఉన్నదే ఖాయం.

కుళాయి అలాగే కారుతోంది. ఆయన నేలమీద చతికిలబడ్డాడు.

ఎందుకంటే రిజిస్టరులో ఉన్న మార్కులు నిజం కావు. ఆ సంగతి లోకంలో ఆయనొక్కడికే తెలుసు.

సెంటీమీటర్ల కోత, మార్జిన్ కోత పిల్లలందరికీ తెలిసినవే. తెలియని కోత ఇంకొకటుంది. పేపరు న్యాయంగా దిద్దేవాడు. వచ్చిన మార్కుని ఒక పొడుగాటి నోటుపుస్తకంలో రాసుకునేవాడు. అందులోంచి పన్నెండు తీసేసి, ఏ జవాబుకెంతో చూపకుండా మిగిలిన మొత్తాన్నే ఎర్ర సిరాతో పేపరు మీదా, రిజిస్టరులోనూ వేసేవాడు. తొంభైకి డెబ్భై ఎనిమిది. ఎనభైకి అరవై ఎనిమిది. పిల్లలు హడలిపోయి రాత్రింబగళ్ళు చదివేవారు. అసలు పరీక్ష బయటివాళ్ళు దిద్దేవారు, అక్కడ మార్కులు ఎగిరి గంతేసేవి. తల్లిదండ్రులు పళ్ళ బుట్టలతో వచ్చి దణ్ణాలు పెట్టేవారు. పంతొమ్మిదేళ్ళూ ఇదే తంతు. బడి పరీక్షల మార్కులు ఎక్కడికీ వెళ్ళవు, ఎవరికీ నష్టం లేదు, కొరడా చప్పుడే తప్ప దెబ్బ తగలదు అనుకున్నాడు.

కూతురు తన తరగతిలోకి వచ్చినప్పుడు కోత రెట్టింపు చేశాడు. ఇరవై నాలుగు. పన్నెండు అందరిలాగే భయానికి. తక్కిన పన్నెండు లోకుల నోటికి. లెక్కల మాస్టారు కూతురికి మార్కులు ధారపోశాడని ఎవరూ వేలెత్తకూడదు.

మూడు పరీక్షల్లో రిజిస్టరులో ఆ పిల్లకున్నది డెబ్భై, డెబ్భై రెండు, డెబ్భై మూడు. సగటు డెబ్భై రెండు. కావలసింది ఎనభై అయిదు.

సాయంత్రం భార్య గుమ్మంలో కోటు విప్పుతుండగానే చెప్పేశాడు. ఆవిడ స్నానం చేసి వచ్చేదాకా ఆగలేకపోయాడు. ఆవిడ కోటుని బకెట్లో ముంచి, చెయ్యి తియ్యకుండా అలాగే వంగి నిలబడి విన్నది.

"నిజంగా ఎంతొచ్చాయి దానికి?"

"తొంభై నాలుగు, తొంభై ఆరు, తొంభై ఏడు."

"దానికి తెలుసా?"

"తెలీదు."

ఆవిడ నడుము ఎత్తింది. మోచేతుల దాకా నురగ. "షాపులో మేం బిళ్ళ కూడా తక్కువ లెక్కపెట్టి ఇవ్వం. ఇస్తే ఉద్యోగం ఊడుతుంది. వెళ్ళి రాయండి. మీ మేడమ్‌కి ఉన్నదున్నట్టు ఇవాళే రాయండి" అంది.

ఆ ఉత్తరం రాయడానికి గంటన్నర పట్టింది. 'నేను పొరబడ్డాను' అని మొదలుపెట్టి కొట్టేశాడు. పొరబాటు కాదు కదా. 'క్రమశిక్షణ దృష్ట్యా' అని రాసి కొట్టేశాడు. చివరికి మిగిలింది ఒక్కటే మాట: నా విద్యార్థులకు నేనిచ్చిన మార్కులు నిజమైనవి కావు. దానికింద సంతకం చేశాడు. నోటుపుస్తకం పేజీలు ఫోటోలు తీసి జత చేశాడు. కూతురికి మాత్రం ఏమీ చెప్పలేదు. పని తేలాక చెప్పవచ్చనుకున్నాడు.

బడిని నడిపే మేడమ్ మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది. ఇది ఉద్యోగం పోయే వ్యవహారమని, దాని సంగతి తర్వాత చూద్దామని, ముందు పిల్లల సంగతి చూడాలని పొడిపొడిగా చెప్పింది. దిద్దిన పేపర్లు పిల్లలకి తిరిగి ఇచ్చేశారు కాబట్టి అవి పిల్లల దగ్గరే ఉంటాయి. ఫోటోలు తీసి గురువారం లోపల పంపాలి. బయటి మాస్టర్లు ఇద్దరు మళ్ళీ దిద్దుతారు. వాళ్ళు వేసిన మార్కూ నోటుపుస్తకంలోదీ కలిస్తే రిజిస్టరు మారుస్తారు. గురువారం దాటితే మారదు.

ఆయన ఫోన్ పెట్టేసి, వారం రోజుల్లో మొదటిసారి గుండెనిండా గాలి పీల్చుకున్నాడు. ఆ పిల్ల పేపర్లు దిద్దితే ఏ మాస్టారైనా తొంభై దాటించక తప్పదు.

తరగతి గ్రూపులో కబురు వెళ్ళిన అరగంటకి ఫోటోలు రావడం మొదలైంది. మొత్తం ముప్ఫై ఎనిమిది మంది. మడతలు పడ్డవి, టీ మరకలవి, అట్ట వేసి దాచుకున్నవి. ఒక పేపరు మీద ఎవరి తమ్ముడో ఏనుగు బొమ్మ గీశాడు. ఇద్దరు పిల్లలు తలా ఒక పేపరు పారేసుకున్నామని రాశారు. మధ్యాహ్నానికి ముప్ఫై ఏడు పేర్ల పక్కన టిక్కు పడింది.

లోపలి గది తలుపు తెరుచుకుంది. అమ్మడు ఫోన్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. కత్తిరించుకున్న జుట్టు ఒకవైపు కంట్లో పడుతోంది.

"నా పేపర్లు లేవు నాన్నా."

"వెతుకు. బల్ల సొరుగులో చూశావా?"

"లేవంటే లేవు. చించేశాను."

"ఏది చించావు?"

"మూడూ. ఇచ్చినవి ఇచ్చినట్టే, బడిలోనే. డెబ్భై కాగితం ఇంటికి తెచ్చి ఏం చేసుకోను? గోడకి అంటించుకోనా?" తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "ఎందుకు అడుగుతున్నారు పేపర్లు? మార్కులు తప్పా?"

ఇక దాచడానికి ఏమీ లేదు. చెప్పాడు. పన్నెండు సంగతి చెప్పాడు, ఇరవై నాలుగు సంగతీ చెప్పాడు. నల్లబల్లవైపు చూస్తూ చెప్పాడు. అలవాటు ప్రకారం గొంతు పాఠం చెప్పే గొంతులాగే వచ్చింది. అంతా అయ్యాక ఆ పిల్ల, మూడో పరీక్షలో నాకెంత అని ఒక్కటే అడిగింది.

"తొంభై ఏడు."

"అది ఇచ్చిన రోజు నుంచి నాలుగు రోజులు మీరు నాతో మాట్లాడలేదు."

ఆయన సుద్దముక్క తీసి మళ్ళీ అక్కడే పెట్టాడు.

"అన్నం తింటుంటే అమ్మతో అన్నారు. ఈ డెబ్భై మూడు మొహానికి ఓడ కాదు, పడవ కూడా ఎక్కువేనని. నేను అక్కడే ఉన్నాను." కంట్లో పడుతున్న జుట్టు పక్కకి తోసుకుంది. "మీకు తొంభై ఏడని తెలిసే అన్నారా ఆ మాట?"

"నువ్వింకా బాగా చదవాలని..."

"తెలిసే అన్నారా?"

"తెలుసు" అన్నాడు.

పిల్ల తలుపు వేసుకుంది. విసురుగా కాదు. గడియ కూడా పెట్టలేదు.

ఆ రోజు మంగళవారం. సాయంత్రం తల్లి వచ్చి, తల తుడుచుకుంటూ కథంతా విని, తువ్వాలు భుజాన వేసుకుని తేల్చేసింది. ప్రశ్నపత్రాలు ఇంట్లోనే ఉన్నాయి. కాగితాలున్నాయి. పిల్లకి లెక్కలు నోటికొచ్చు. కావలసినంత ఖాళీ ఉంది. మళ్ళీ రాస్తుంది, మీరు పాత తేదీ వేసి, ఎర్ర సిరాతో దిద్ది, అదే డెబ్భై మూడు వెయ్యండి. బయటివాళ్ళు చూసి, ఇది తొంభై ఏడు పేపరేనని వాళ్ళే అంటారు. ఇందులో మనం కొత్తగా కలిపేదేముంది, దానిది దానికి రావడమే కదా అని.

తండ్రి అవుననలేదు, కాదనలేదు. అది ఒప్పుకోవడమేనని తల్లీ కూతుళ్ళు అనుకున్నారు.

బుధవారం పొద్దున పదింటికి అమ్మడు బల్ల దగ్గర కూర్చుంది. వారం పైగా నూనె ముట్టని తలకి రిబ్బను బిగించుకుంది. మొదటి పేపరు గంటన్నరలో అయిపోయింది. లేచి నీళ్ళు తాగి వచ్చి రెండోది మొదలుపెట్టింది. కలం గరగర తప్ప ఇంట్లో చప్పుడు లేదు. తండ్రి వంటింట్లో గోడకానుకుని ఆ గరగర విన్నాడు. రద్దయినప్పటి నుంచి ఆ ఇంట్లో పని జరుగుతున్న చప్పుడు అదే మొదటిది. తల్లి ఆ పూట షాపుకి సెలవు చెప్పి, రెండింటికి అన్నం కలిపి తెచ్చి పిల్లకి ముద్దలు పెట్టింది, రాత ఆగకుండా.

నాలుగింటికి అమ్మడు మూడు పేపర్లూ దారంతో కుట్టి, పైన ఎర్ర పెన్ను పెట్టి, ఆయన ముందుకి జరిపింది.

ఆయన తిరగేశాడు. మార్జిన్లు నూలు పట్టి గీసినట్టున్నాయి. ప్రతి కొలతకీ సెంటీమీటర్లు. ఒక్క కొట్టివేత లేదు. రెండో పేపరు చివరి లెక్కని ఆయన నేర్పిన దారిలో కాకుండా ఇంకా దగ్గర దారిలో చేసింది. తొంభై తొమ్మిది అనుకున్నాడు మనసులో. ఆ ఒకటి ఎందుకు తగ్గించానా అని వెనక్కి తిప్పి వెతికాడు. కారణం దొరకలేదు.

పెన్ను మూత తీశాడు. పాత తేదీ వేయాలి. ఆరు నెలల కిందటిది. ఒక అంకె వేశాడంటే చాలు, మిగతావి వాటంతట అవే పడతాయి. తల్లి కుర్చీ వెనక నిలబడి ఉంది. పిల్ల గోరు కొరుకుతోంది.

మూత పెట్టేశాడు.

"నా వల్ల కాదు. ఇది దొంగ పేపరు."

తల్లి కుర్చీ చుట్టూ తిరిగి ఆయన ఎదురుగా వచ్చింది. "పంతొమ్మిదేళ్ళు దొంగ మార్కులు వేశారు. చెయ్యి వణకలేదు. ఒక్కరోజు నిజం మార్కు రావడానికి దొంగ తేదీ వెయ్యమంటే నీతి పొడుచుకొచ్చిందా?"

"అది వేరు. అది వాళ్ళ మంచికి."

"ఇదెవరి చెడుకండీ?"

ఆయన చేతి గడియారం వైపు చూశాడు. ఏడు నిమిషాల్లో తేలే లెక్క కాదది. తల్లి ఇంకా ఏదో అనబోతుంటే పిల్లే ఆపింది.

"వదిలెయ్యమ్మా. ఆయన వెయ్యరని నాకు పొద్దున్నే తెలుసు."

"తెలిసి మరి ఆరుగంటలు ఎందుకు రాశావే?"

"పొద్దు పోవద్దూ" అంది అమ్మడు. మూడు పేపర్లూ తీసుకెళ్ళి వంటింట్లో స్టవ్వు పక్కన, గిన్నెలు దించుకునే పాత పేపర్ల కట్టమీద పెట్టేసింది.

శుక్రవారం పదకొండింటికి వీడియో సమావేశం. మేడమ్, ఇద్దరు బయటి మాస్టర్లు, ఇటు కోత మాస్టారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని నల్లబల్లకి వీపు పెట్టి కూర్చున్నాడు. లోపలి గదికీ హాలుకీ మధ్యనున్నది గోడ కాదు, చెక్క పలక. తుమ్మినా వినబడుతుంది.

బయటి మాస్టర్లు పని నమ్మకంగా చేశారు. ముప్ఫై ఏడుగురి పేపర్లూ దిద్దారు, నోటుపుస్తకంతో సరిచూశారు. ఒకటి రెండు మార్కుల తేడా తప్ప అన్నీ కలిశాయి. తలా ఒక పేపరు పారేసుకున్న ఇద్దరికీ నోటుపుస్తకం మార్కే ఇచ్చేద్దామన్నారు. మేడమ్ సరేనంది. ఇక మిగిలింది ఒక్క పేరు. పేపర్లు మూడూ లేవు. ఆధారం నోటుపుస్తకం ఒక్కటే. అది రాసింది తండ్రి.

మిగతా అందరి విషయంలోనూ ఆ పుస్తకం నిజమే చెప్పిందిగా అని బయటి మాస్టర్లలో ఒకాయన అన్నాడు. ఈ ఒక్కరి విషయంలో ఎందుకు అబద్ధం చెబుతుంది అని. రెండో ఆయన గొంతు సవరించుకుని, అబద్ధాలు రాశానని ఒప్పుకున్న మనిషి పుస్తకం కదండీ, అందులోనూ సొంత కూతురి పేజీ, అన్నాడు. ఒకటికి ఒకటి. ఇద్దరూ మేడమ్ వైపు చూశారు.

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"మాస్టారూ, ఒక మాట అడుగుతాను. నా కుర్చీలో మీరుంటే, ఇంకో మాస్టారు తన కూతురికి ఇలాంటి పుస్తకం చూపిస్తే, ఒప్పుకునేవారా? మీరు ఒప్పుకునేవాణ్ణని చెప్పండి, నేను సంతకం పెట్టేస్తాను."

అంత సులువుగా వచ్చింది. ఒక్క మాట. ఆ మాటకి సాక్ష్యం అక్కర్లేదు, తేదీ అక్కర్లేదు, ఎర్ర సిరా అక్కర్లేదు. చెక్క పలక అవతల మంచం కిర్రుమంది. పిల్ల లేచి కూర్చున్నట్టుంది.

పంతొమ్మిదేళ్ళలో ఆయన దగ్గరికి ఎంతమంది వచ్చి ఒక్క మార్కు, ఒకే ఒక్క మార్కు అని బతిమాలారో గుర్తొచ్చింది. ప్రతిసారీ ఏమన్నాడో గుర్తొచ్చింది.

"ఒప్పుకునేవాణ్ణి కాను" అన్నాడు.

మేడమ్ ఇంకాసేపు చూసింది, ఆయన మాట మార్చుకుంటాడేమోనని. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని కాగితం మీద రాసుకుంది. ముప్ఫై ఏడుగురికి మార్పు. ఒకరికి రిజిస్టరులో ఉన్నదే ఖాయం. డెబ్భై రెండు.

మంచం మళ్ళీ కిర్రుమంది. అంతే.

తర్వాతి రోజుల్లో ఫోన్ తీరిక లేకుండా మోగింది. నిజం ఒప్పుకున్న మీ పెద్ద మనసుకి దండాలు మాస్టారూ అని కొందరు తండ్రులు. ఒకాయన మాత్రం, ఆరేళ్ళ కిందట మీరు నలభై ఎనిమిది వేసిన మా పెద్దాడు లెక్కలు మానేసి గిడ్డంగిలో మూటలు మోస్తున్నాడు, వాడికి నిజంగా ఎంతొచ్చిందో ఆ పుస్తకం చూసి చెప్పండి అని అడిగాడు. మాస్టారు చూశాడు. అరవై. చెప్పకుండా ఫోన్ కట్టేశాడు. ఇకమీదట దిద్దే పని ఆయనకి ఇవ్వరని, బడి తెరిచాక మిగతాది తేలుస్తారని మేడమ్ నుంచి ఉత్తరం వచ్చింది. బడి ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు.

అమ్మడు ఆయనతో మాట్లాడుతూనే ఉంది. అన్నం తింటారా, కుళాయి కట్టేశారా, తలుపు గడియ వేశారా. అంతకు ఒక్క ముక్క ఎక్కువ లేదు. శిక్షణాలయానికి నేనో ఉత్తరం రాస్తాను, జరిగిందంతా వివరిస్తాను అన్నాడు ఒక రోజు. వద్దు, మీ సంతకం చూస్తే వాళ్ళింకో పన్నెండు తగ్గించుకుని చదువుతారు అంది పిల్ల, చీపురు ఆపకుండా.

మూడు వారాల తర్వాత, మధ్యాహ్నం రెండింటికి, ఆయన ఫోన్ మోగింది. తరగతిలో వెనక బెంచీ పిల్ల. ఎప్పుడూ బల్లమీద తల వాల్చి ఉండేది కాబట్టి అందరూ 'నిద్రగన్నేరు' అనేవారు. అమ్మడికి ఆ పిల్లంటే ఇష్టం. తనతోపాటు కూర్చోబెట్టి శిక్షణాలయం దరఖాస్తు అమ్మడే నింపి పంపించింది, తోడుంటుందని.

ఆ పిల్ల ఏడుస్తోంది, నవ్వుతోంది. సీటొచ్చింది మాస్టారూ అంది. రిజిస్టరులో డెబ్భై నాలుగుండేది, మీరు ఉత్తరం రాయబట్టి ఎనభై ఆరయింది. అంతా మీ చలవే, మా అమ్మ మీ ఫోటో అడుగుతోంది గోడకి పెట్టుకోవడానికి. ఆయన మంచిదమ్మా అన్నాడు. తర్వాత ఆ పిల్ల గొంతు తగ్గించి, అది ఉందా మాస్టారూ, దాని ఫోన్ కలవట్లేదు అని అడిగింది.

అమ్మడు హాల్లో తల్లి తెల్లకోటు ఇస్త్రీ చేస్తోంది. లేదని చెప్పమంటుందేమోనని ఆయన ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. అమ్మడు ఇస్త్రీపెట్టె వదలకుండానే, బల్లమీద పెట్టి స్పీకరు వెయ్యమని కళ్ళతో చెప్పింది.

"ఏమే, మెలకువగానే ఉన్నావా?" అంది.

"ఉన్నానే. నువ్వు కోప్పడతావని చెయ్యలేదు ఇన్నాళ్ళూ."

"నీమీద దేనికే. చెప్పు."

"వచ్చే నెల చేరమన్నారు. ఏమేం తెచ్చుకోవాలో కాగితం పంపారు, నాకు సగం అర్థం కాలేదు. నువ్వైతే మొత్తం చదివేశావుగా అప్పట్లో."

"కాగితం పక్కన పెట్టు. నేను చెబుతా. తెల్ల చొక్కాలు నాలుగు, జేబు ఎడంవైపే ఉండాలి. నల్ల బూట్లు, లేసులవి. మడమ ఎత్తుంటే తిప్పి పంపేస్తారు. పళ్ళ డాక్టరు దగ్గర కాగితం తీసుకో, పుచ్చిపోయిన పన్ను ఉంటే ఇప్పుడే పీకించేసుకో, ఓడమీద డాక్టరుండడు. రంగులు సరిగా కనబడతాయని కళ్ళ డాక్టరు దగ్గర ఇంకోటి. ఈత సర్టిఫికెట్టు."

"నాకు ఈత రాదే."

"కొలనులు తెరవగానే వెళ్ళి చేరు. ముందు మొహం నీళ్ళలో పెట్టి ఊపిరి వదలడం నేర్చుకో. అది వస్తే మిగతాది పెద్ద కష్టం కాదు."

ఇస్త్రీపెట్టె కాలరు మీదనుంచి భుజం మీదకి, భుజం మీదనుంచి చేతి అంచుకి సాఫీగా వెళ్తోంది. తండ్రి బల్లకి అటువైపు నిలబడి ఉన్నాడు. అమ్మడు ఎక్కడా తడుముకోవడం లేదు. కాగితం చూడటం లేదు.

"ఆగు, ఆగు" అంది నిద్రగన్నేరు. "పెన్ను దొరికింది ఇప్పుడే. మెల్లగా చెప్పవే, రాసుకుంటా."

అమ్మడు కోటు తిప్పి రెండోవైపు పరిచింది.

"తెల్ల చొక్కాలు" అని మొదటినుంచి మొదలుపెట్టింది. "నాలుగు."